కథలు అందరికీ ఎర్కే, రాసినాయనే ఎర్కలేదు: దాసరి సుబ్రహ్మణ్యం

ఏకాక్షి, చతుర్నేత్రుడు, ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఈ పేర్లు మీ ఇంట్ల యాభై, అరవై ఏండ్లు దాటినోళ్ళ ముంగట ఒక్కపారి అని చూడున్రి. చిన్నప్పుడు చందమామ చదివినోళ్ళైతే మొఖం ఎలిగిపోతది. కథ మొత్తం యాదికి రాకపోవచ్చు. గని ఒంటికన్ను మాంత్రికుడో, అడవి నడుమ కూలిపోయిన గుడో, సముద్రంల మండే దీవో, ఏదో ఒకటి కండ్ల ముంగట కనవడ్డట్టు చెప్తరు. అటెన్క ఇంకో ముచ్చట అడుగున్రి. ఇవన్నీ రాసింది ఎవరు? అక్కడ శానమంది ఆగిపోతరు. కొందరు కొడవటిగంటి కుటుంబరావు అంటరు, కొందరు చక్రపాణి అంటరు. ఇద్దరూ కాదు. రాసినాయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం.

చందమామల పన్నెండు పెద్ద సీరియళ్ళు రాసిండు. ఒక్కదాని మీద గూడ ఆయన పేరు అచ్చు కాలే. తెలుగు పిల్లలకు భయం, ఉత్కంఠ, రహస్యం అంటే ఏందో నేర్పిన మనిషి యాభై ఏండ్లకు పైగా ఒక ఆఫీసుల కూసోని, నెలజీతానికి రాసి, పేరు లేకుంటనే పెద్దమనిషైండు. ఆయన జీవితం మన బొగ్గుబాయిల దిక్కు, సిమెంటు దిక్కు పుట్టిన పోరగాళ్ళు తెలుసుకోవాలె. ఎందుకంటే పని మనది, పేరు ఇంకొకరిది అనే ముచ్చట మనకంటే బాగ ఎవరికి ఎర్క?

ఇరవై ఏండ్లకే చందమామ మెట్లెక్కిండు

సుబ్రహ్మణ్యం 1932 అక్టోబర్ 25 నాడు గుంటూరు జిల్లాల పుట్టిండు. పెద్ద చదువులు చదవలే. 1952ల, ఇరవై ఏండ్ల పిలగానిగ ఉన్నప్పుడు, మద్రాసు పోయి చందమామల పనికి చేరిండు.

అప్పటికి చందమామ వయసు ఐదేండ్లు. 1947 జూలైల, దేశానికి స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు, బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి తెలుగుల, తమిళంల దాన్ని మొదలువెట్టిన్రు. వాళ్ళే తర్వాత పాతాళభైరవి, మాయాబజార్ సినిమాలు తీసిన విజయా వాళ్ళు. పత్రిక మెల్లమెల్లగ కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఒడియా ఇట్ల దేశంల ఉన్న పెద్ద భాషలన్నిట్లకు పోయింది. మద్రాసు వడపళనిల ఒకే కప్పు కింద రాసేటోళ్ళు, బొమ్మలేసేటోళ్ళు, అనువాదం చేసేటోళ్ళు, అచ్చుకొట్టేటోళ్ళు అందరూ పనిచేసెటోళ్ళు. ఒక్కమాటల చెప్పాలంటే అది కథల ఫ్యాక్టరీ.

సుబ్రహ్మణ్యం చేరిన 1952లనే కొడవటిగంటి కుటుంబరావు గూడ చందమామ బాధ్యత తీసుకున్నడు. 1980ల చనిపోయేదాక ఆయనే సంపాదకత్వం చూసిండు. భేతాళ కథలు, పురాణాలు, దేశదేశాల కథలు అన్నీ ఆయన చెయ్యి మీద నుంచే పోయేవి. బొమ్మల దిక్కు చిత్ర, శంకర్, తర్వాత వడ్డాది పాపయ్య ఉండిరి. ఇసొంటి పెద్దోళ్ళ నడుమ సుబ్రహ్మణ్యం చిన్నోడు. గని రెండేండ్లు తిరగకముందే సీరియల్ రాసే పని ఆయన మీద పడ్డది.

తోకచుక్క పొడిచింది

1954ల ‘తోకచుక్క’ మొదలైంది. రాసినాయనకు అప్పటికి ఇరవై ఒకటో, ఇరవై రెండో ఏండ్లు. ఇయ్యాల మన దిక్కు ఐటీఐ అయిపోయి అప్రెంటిస్‌కు అప్లికేషన్ పెట్టుకునే వయసు.

కథ కుండలినీ ద్వీపంల మొదలైతది. సేనాపతి సమరసేనుడు నావలేసుకొని సముద్రం మీదికి పోతడు. ఆకాశంల తోకచుక్క కనవడ్డది, అది మంచికా చెడ్డకా ఎవరికీ తెల్వదు. అక్కడి నుంచి మాంత్రికుల దీవికి చేరుతరు. ఒక దిక్కు ఒంటికన్ను ఏకాక్షి, ఇంకో దిక్కు నాలుగుకండ్ల చతుర్నేత్రుడు. ఇద్దరికీ పగ. ఇద్దరి నడుమ ఇరికిన మామూలు మనుషులు. ఎవడు మనోడు, ఎవడు పగోడు అన్నది సదివేటోనికి ఒక పట్టాన తేలదు.

దాని ఎన్క వరుసగ వచ్చినయి: మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు. పేర్లు చూడున్రి. ప్రతి పేరు ఒక జాగనో, ఒక వస్తువునో, ఒక భయాన్నో చూపిస్తది. పేరు సదవంగనే లోపల ఏముందో అన్న గులగుల మొదలైతది. 1954 నుంచి డెబ్బైల చివరిదాక, అంటే దాదాపు ఇరవై నాలుగేండ్లు, నెలనెలా ఈ పని నడిచింది.

నెలనెలా అంటే ఏందో ఒక్కపారి ఆలోచించాలె. ఇప్పుడు వెబ్ సిరీస్ పది భాగాలు ఒక్క రాత్రిల చూసి పండుకుంటున్నం. అప్పుడు ఒక భాగానికి, ఇంకో భాగానికి నడుమ ముప్పై రోజులు. హీరో లోయ అంచున వేలాడుతుండంగ కథ ఆగిపోయేది. ఆ ముప్పై రోజులు పోరగాళ్ళు వాణ్ణి యాదుంచుకోవాలె, వాడెట్ల బతుకుతడో బడి గోడ పొంటి కూసోని కొట్లాడుకోవాలె. పుస్తకం వచ్చేనాడు స్టేషన్ దుకాణం దగ్గరనో, బస్టాండుల పేపర్ అమ్మేటాయన దగ్గరనో కాపుగాయాలె. అంత గట్టిగ ముడెయ్యకపోతే మళ్ళొచ్చే నెల ఎవ్వడూ కొనడు. ఆ ముడెయ్యడమే దాసరి విద్య.

ఆ ముడి ఎట్లేసిండు

కథ రాయాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెండ్లు జర ఇక్కడ ఆగి చూడాలె.

ఒకటి, చదివేటోనికి హీరో కంటే ఒక్క ముక్క గూడ ఎక్కువ తెల్వనియ్యడు. హీరో చీకట్ల ఉంటే మనమూ చీకట్లనే. అడవిల ఎవరో కేకేసిన్రు. ఎవరు? హీరోకు తెల్వదు, మనకూ తెల్వదు. ఇద్దరం కలిసే నడవాలె. డిటెక్టివ్ కథల కీలకం గూడ ఇదే. అదే రోజులల్ల మద్రాసు నుంచే కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, అసిస్టెంటు రాజును పెట్టి చిన్న సైజు నవలలు రాస్తుండె. అక్కడ శవం, పట్నం, పోలీసు. ఇక్కడ దీవి, కోట, మాంత్రికుడు. బట్టలు వేరు, ఎముక ఒక్కటే: దాచిపెట్టిన ముచ్చట ఒకటుంటది, దాన్ని ఇంచు ఇంచు బయటికి తీస్తరు.

రెండు, పేరుతోనే మనిషిని నిలవెడ్తడు. ఏకాక్షి అంటే ఒంటికన్ను, చతుర్నేత్రుడు అంటే నాలుగు కండ్లు. ఖడ్గవర్మ అంటే కత్తిపట్టేటోడు. నెలరోజుల తర్వాత చదివినా ఎవడు ఎవడో మరిచిపోయే పనే లేదు. నెలకోపారి వచ్చే పత్రికకు ఇది మస్తు అవసరం.

మూడు, జోడి. యక్షపర్వతంల ఖడ్గవర్మకు కండబలం, జీవదత్తునికి బుద్ధిబలం. మాయాసరోవరంల జయశీలునికి తోడు సిద్ధసాధకుడు. ఒక్కడే ఉంటే వాని మనసుల మాట రచయిత చెప్పాలె, కథ ఆగుతది. ఇద్దరుంటే వాళ్ళే మాట్లాడుకుంటరు, కథ ఉరుకుతది. మన దగ్గర బాయిలకు దిగేటోళ్ళు గూడ ఒంటిగ దిగరు, జోడి ఉండాలె. ఒకని పానానికి ఇంకొకడు కాపలా. ఆ ముచ్చట ఆయన కథలల్ల నిండుగ ఉంటది.

నాలుగు, ఆపద నుంచి బయటపడే తొవ్వ ఎన్నడూ ఉత్తగ రాదు. దేవుడు దిగొచ్చి కాపాడుడు ఉండదు. తాడు, చెట్టుకొమ్మ, శత్రువుల నడుమ ఉన్న కొట్లాట, మాటల మెలిక, వీటితోనే బయటపడ్తరు. మాంత్రికుడు ఎంత పెద్దోడైనా వానికో ఆశ, వానికో భయం ఉంటది. దాన్ని పట్టుకుంటే వాడు పడ్తడు.

ఐదు, బొమ్మతోని పొత్తు. దాసరి సీరియళ్ళకు బొమ్మలేసింది చిత్ర. అసలు పేరు రాఘవన్. కోటలు, పాములు, పుర్రెలు, వింత జంతువులు, జడలు గట్టిన మాంత్రికులు అన్నీ ఆయన కుంచెలకెల్లి వచ్చినయి. దాసరి ఒక్క వాక్యంల రాసిన భయాన్ని చిత్ర అరపేజీ రంగుల చూపెడుతుండె. చదువు రాని తమ్మునికి అక్క చదివి వినిపిస్తుంటే, వాడు బొమ్మ చూసుకుంట వినేటోడు. 1978ల చిత్ర కాలంచేసిండు. దాసరి పెద్ద సీరియళ్ళ కాలం గూడ ఇంచుమించు అప్పుడే ముగిసింది.

మాంత్రికుల కథలు రాసిన హేతువాది

శానమందికి నవ్వొచ్చే ముచ్చట ఒకటుంది. ఇన్ని మంత్రాలు, ఇన్ని భూతాలు రాసినాయన సొంత జీవితంల హేతువాది. వామపక్ష భావాలున్న మనిషి. మంత్రాలకు చింతకాయలు రాలవన్న లెక్క.

మరి నమ్మనోడు ఎందుకు రాసిండు? ఉద్యోగం గదా, రాయమన్నరు రాసిండు అని కొట్టిపారేయొచ్చు. గని కథలు చదివితే ఇంకో ముచ్చట కనవడ్తది. ఆయన మాంత్రికులు దేవుళ్ళు కారు. అధికారం మీద, నిధుల మీద ఆశపడే మనుషులు. వాళ్ళ శక్తికి ఒక హద్దుంటది, వాళ్ళ మాటలల్ల సగం బెదిరింపే. మామూలు మనిషి బెదరకుంట నిలవడి, బుర్రపెట్టి ఆలోచిస్తే వాళ్ళు ఓడిపోతరు. పిల్లగాడు కథ చదివి మంత్రం నేర్చుకోవాలనుకోడు, మాంత్రికుని మోసం ఎట్ల పట్టుకోవాల్నో నేర్చుకుంటడు.

ఇది మన ఊర్లకు ఇయ్యాలటికీ అక్కరకొచ్చే ముచ్చట. బాణామతి చేసిండని, చేతబడి చేసిందని అనుమానం పెట్టుకొని మనుషులను కొట్టుడు, చంపుడు మన తెలంగాణ పల్లెలల్ల ఇంకా పూర్తిగ పోలే. మంత్రం కథల ఉన్నంతసేపు ఆట. కథ దాటి గల్లీలకు వస్తే అది ఒక ముసలవ్వ పానం మీదికి వస్తది. ఆ గీత ఎక్కడుందో దాసరికి ఎర్కే.

ఇంకో ముచ్చట. ఆయన హీరోలందరూ రాజకుమారులు కారు. శిథిలాలయంల శిఖిముఖి శబరుల పిలగాడు, అడవి బిడ్డ. విక్రమకేసరితో సమానంగ నడుస్తడు, కొన్నిచోట్ల వానికే తొవ్వ చూపిస్తడు. గోండులు, కోయలు, నాయకపోళ్ళు ఉన్న మన గోదారి ఒడ్డు పిల్లలకు అసొంటి హీరో దొరకడం చిన్న ముచ్చట కాదు.

అట్లని అన్నీ మంచిగనే ఉన్నయని అంటలేను. ఆ సీరియళ్ళల్ల ఆడోళ్ళకు పని తక్కువ. రాకుమారిని ఎత్తుకపోవుడు, మొగోళ్ళు పోయి తెచ్చుడు, మళ్ళ మళ్ళ అదే వరుస. అడవిల ఉండేటోళ్ళను నరమాంసం తినేటోళ్ళ లెక్క చూపే ఘట్టాలు గూడ ఉన్నయి. అప్పటి సినిమాలు, ఇంగ్లీషు సాహస నవలలు అన్నీ అదే తొవ్వల పోయినయి, ఈయన గూడ కొంత అదే తొవ్వ తొక్కిండు. ఇయ్యాల చదివే చెల్లెండ్లకు అది కొడ్తది, కొట్టాలె గూడ. నచ్చిన రచయితను నెత్తిన పెట్టుకునుడు ఒకటి, కండ్లు మూసుకొని చదువుడు ఇంకొకటి.

భాష మన ఇంట్లది కాకున్నా

చందమామ భాష గురించి గూడ ఒక మాట చెప్పాలె. కుటుంబరావు చేతుల చందమామ వచనం చిన్న చిన్న వాక్యాలతోని, గుండ్రంగ, ఎక్కడా తట్టుకోకుంట తయారైంది. రెండో తరగతి పిలగాడు గూడ కూడబలుక్కొని చదువొచ్చు. తెలంగాణల అప్పటికి ఉర్దూ మీడియం నుంచి తెలుగుకు మారిన ఇండ్లల్ల, బొగ్గుబాయి పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి కలిసిన ఇండ్లల్ల, తెలుగు చదువుడు అలవాటైంది చందమామతోనే అన్నోళ్ళు మస్తుమంది.

గని ఆ భాష మన ఇంట్ల మాట్లాడే భాష కాదు. అండ్ల ఎవ్వడూ ఒర్రడు, ఉరకడు, బుగులువడడు. అరుస్తడు, పరుగెత్తుతడు, భయపడతడు. మన మాట రాయడానికి పనికిరాదన్న సిగ్గు చిన్నప్పుడే మనసుల నాటుకపోయింది. ఇది దాసరి తప్పు కాదు, చందమామ ఒక్కదాని తప్పు గూడ కాదు. పత్రికలు, బడిపుస్తకాలు, రేడియో, సినిమా అన్నీ కలిసి చేసిన పని. అయినా చెప్పాలె, ఎందుకంటే కథ ఎట్ల నడపాల్నో ఆయన దగ్గర నేర్చుకొని, మాట మాత్రం మన ఇంట్లది పెట్టుకునే పని మనకే మిగిలింది.

పేరు ఏమైనట్టు?

ఇప్పుడు అసలు ముచ్చటకొద్దాం. పేరు ఎందుకు లేదు?

చందమామల సీరియళ్ళకే కాదు, ఆఫీసుల కూసోని రాసేటోళ్ళ రచనలు శానవాటికి పేరు ఉండకపోయేది. కుటుంబరావు రాసిన వాటి మీద గూడ పేరు లేదు. పత్రికే పేరు, రాసేటోళ్ళు దాని లోపలి మనుషులు. బొమ్మ కింద మాత్రం చిత్ర, శంకర్ అని చిన్న సంతకం ఉండేది. బొమ్మేసినోళ్ళను పిల్లలు గుర్తుపట్టిన్రు, రాసినోళ్ళను పట్టలే. పైగా ఆ కథలే హిందీ, తమిళం, కన్నడం ఇట్ల అన్ని భాషలల్లకు పోయినయి. ఎక్కడో ఉత్తరాదిల చదివిన పిలగానికి ఇది ఒక తెలుగాయన రాసిండన్న ముచ్చట తెలిసే తొవ్వే లేకుండె.

నడుమల ఈ భయానక సీరియళ్ళు ఆపి, బంకించంద్రుని నవలల లాంటివి వేసి చూసిన్రని, అమ్మకాలు తగ్గేసరికి మళ్ళ దాసరినే రాయమన్నరని చందమామ పాతోళ్ళు చెప్తరు. అంటే పత్రిక బండిని గుంజిన ఎద్దులల్ల ఒకటి ఆయన కలం. బయట పేరు లేకున్నా లోపలోళ్ళకు ఆయన విలువ ఎర్కే.

బొగ్గుబాయిల ఈ లెక్క మనకు కొత్తగాదు. టబ్బు నిండినప్పుడు దాని మీద కోల్‌ఫిల్లర్ నంబరుంటది, లెక్క కోసం. ఆ బొగ్గు పవర్ హౌజుకు పోయి కరెంటయినంక నంబరు గూడ ఉండదు. బసంత్‌నగర్ సిమెంటు బస్తా మీద కంపెనీ పేరుంటది, ఆ సిమెంటుతోని కట్టిన ఇంటి మీద ఇంటాయన పేరుంటది. సున్నపురాయి పగలగొట్టినోని పేరు యాడా ఉండదు. అందుకే దాసరి ముచ్చట చదువుతుంటే సాహిత్యం ముచ్చట లెక్క కాదు, షిఫ్టు దిగొచ్చిన మన నాయిన ముచ్చట లెక్క ఉంటది.

గని ఒక తేడా ఉంది, అది యాదుంచుకోవాలె. రాతకు చట్టం ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, పత్రికల జీతానికి పనిచేస్తూ ఆ పత్రిక కోసం రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, దాన్ని పత్రికలల్ల అచ్చేసే హక్కు యజమానిది. మిగిలిన హక్కులకు మొదటి యజమాని రాసినోడే. 57వ సెక్షన్ ఇంకో మాట చెప్తది: హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నేను రాసిన అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటది. రచయిత చనిపోయినంక గూడ అరవై ఏండ్లు కాపీరైట్ నడుస్తది.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, మీల ఎంతోమంది ఇయ్యాల యూట్యూబ్ ఛానళ్ళకు స్క్రిప్టులు రాస్తున్నరు, ఆడియో కథల యాప్‌లకు ఎపిసోడ్ల లెక్కన రాస్తున్నరు, షార్ట్ ఫిలింలకు మాటలు రాస్తున్నరు. ఎపిసోడ్‌కు ఇంత అని ఫోన్‌పే చేస్తరు, పేరుండదు. ఒప్పందం కాయితం చదవకుంటనే సరే అని ఒత్తేస్తరు. దాసరి కాలంల ఒక పత్రిక, ఒక ఆఫీసు, నెలజీతం, యాభై ఏండ్ల కొలువు ఉండె. మీకు అది గూడ లేదు. కనీసం పేరన్నా అడుగున్రి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో అడుగున్రి. రాసిన ప్రతి ముక్క తేదీతోని మీ దగ్గర దాసిపెట్టుకోన్రి.

చివరి ఏండ్లు

సీరియళ్ళు ఆగినంక గూడ దాసరి చందమామ విడిచిపెట్టలే. కథలు దిద్దుడు, తయారుచేసుడు, అదే కుర్చీ, అదే పని. అంతకుముందే విజయ బాపినీడు నడిపిన బొమ్మరిల్లుల ‘మృత్యులోయ’ రాసింది గూడ ఆయనే. చక్రపాణి 1975ల పోయిండు, చిత్ర 1978ల, కుటుంబరావు 1980ల. కలిసి పనిచేసినోళ్ళు ఒక్కొక్కరే ఎల్లిపోయిన్రు, ఈయన మిగిలిండు. 1998ల చందమామ ఆగిపోయింది. ఏడాదికి పైగా మూతపడి మళ్ళ తెరుచుకుంది. అప్పుడు గూడ ఉన్నడు. 2006ల పని విరమించేనాటికి ఆయన కొలువుకు 54 ఏండ్లు. పెండ్లి చేసుకోలే. మద్రాసు విడిచి విజయవాడల బంధువుల దగ్గరికి చేరిండు. 2010 జనవరి 27 నాడు కాలంచేసిండు. ఆయన పోయిన మూడేండ్లకు, 2013ల, చందమామ గూడ ఆగిపోయింది.

పేరు బయటికొచ్చింది చివరి రోజులల్లనే. చిన్నప్పుడు చదివి పెద్దోళ్ళైన పాఠకులు, ఇంటర్నెట్ వచ్చినంక, ఆ సీరియళ్ళు రాసిందెవరని ఎతుకులాట మొదలువెట్టిన్రు. పాత సంచికలు జమచేసిన్రు, ఆయన అడ్రస్ పట్టుకొని పోయి మాట్లాడిన్రు. ఆయన పోయినంక ‘రచన’ పత్రిక ఆయన మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. వాహిని బుక్ ట్రస్ట్ ఆయన రచనలను పుస్తకాలుగ వేసింది. అట్ట మీద దాసరి సుబ్రహ్మణ్యం అని అచ్చైంది. ఇరవై ఒక్క ఏండ్ల వయసుల మొదలువెట్టిన పనికి, ఆయన చనిపోయినంక పేరొచ్చింది.

పేరు తెచ్చింది ప్రభుత్వం కాదు, అకాడమీ కాదు. చదివినోళ్ళు. చిన్నప్పుడు నెలకు ఆరేడు పేజీలు చదివినోళ్ళు, ఆ రుణం యాభై ఏండ్లకు తీర్చుకున్నరు. పాఠకులు అనుకుంటే ఏం చేయగలరో ఇది చూపెడ్తది.

మన రాకాసిలోయ ఏది?

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. రహస్యం రాయాలంటే మన బెల్టుల జాగలకు కరువా? రామగిరి ఖిల్లా ఉంది, బురుజులు, బాయిలు, అడవి. ధూళికట్టల రెండువేల ఏండ్ల నాటి బౌద్ధుల స్తూపం ఉంది. బసంత్‌నగర్‌ల పాత విమానాల రన్‌వే గడ్డి మొలిచి పడున్నది. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళల్ల మునిగిన ఊర్లున్నయి. ఓపెన్‌కాస్టు కింద లేకుంట పోయిన ఊర్లున్నయి. మూతపడిన బాయిల కింద ఎవ్వరూ పోని సొరంగాలున్నయి. నైట్ షిఫ్టుకు దిగినోళ్ళు చెప్పే దయ్యాల ముచ్చట్లకు లెక్కే లేదు. పాతాళదుర్గం కోసం దాసరి ఊహించుకోవాలె. మన తాతలు, నాయినలు రోజూ పాతాళంలకు దిగి ఎక్కొచ్చిన్రు.

అయినా మన పిల్లలు చదువుకునే రహస్య కథ ఒక్కటన్నా గోదావరిఖనిల జరుగుతదా? మన పోరి హీరోగ, సైకిలేసుకొని పోయి, మాయమైన మనిషిని ఎతికిపట్టే నవల యాడుంది? దాసరి ఇరవై ఒకటో ఏట మొదలువెట్టిండు. పెద్ద డిగ్రీ లేదు, పేరు వస్తదన్న ఆశ లేదు. నెలకు ఆరేడు పేజీలు, తప్పకుండ, ఇరవై నాలుగేండ్లు. సెల్‌ఫోన్ల తెలుగు కొట్టుడు వచ్చిన ఎవరికైనా నెలకు ఆరేడు పేజీలు బరువేం కాదు.

దాసరి పుస్తకాలు దొరికితే ఒక్కటి తెచ్చుకోన్రి. జిల్లా గ్రంథాలయంల లేకపోతే తెప్పియ్యమని కాయితం రాసియ్యున్రి. ఒక భాగం చదివి, ఎక్కడ ఆపిండో, ఎందుకు అక్కడే ఆపిండో చూడున్రి. ఇంటికాడ తాతనో, అమ్మమ్మనో ఉంటే వాళ్ళకు యాదున్న సీరియల్ చెప్పమనున్రి. అటెన్క మీ ఊరి పేరుతోని, మీ ఇంటి మాటతోని మీ కథ మొదలువెట్టున్రి. రాసినంక కింద మీ పేరు రాయుడు మరువకున్రి.